సూర్రావు గారి బొటనవేలు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు వచ్చి, "అత్తా, నువ్వు ఎప్పుడూ చెబుతుంటావే ఆదినారాయణ గారి పద్యాలు, అవి ఎవరో మళ్ళీ విడుదల చేశారు చూడు" అంటూ ఫోను నా చేతిలో పెట్టింది. నిజమే. పాత గ్రామఫోను ప్లేట్ల మీది పద్యాలన్నీ శుభ్రం చేసి, వరసగా పేర్చి, పైన ఆయన కిరీటం పెట్టుకున్న ఫొటో ఒకటి వేసి ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్టులో పెట్టారు. చాలా సంతోషించాను. కింద జనం రాసిన వ్యాఖ్యల జోలికి పోకుండా ఉంటే ఆ సంతోషం అలాగే నిలిచేది. ఫలానా పద్యం ఎందుకు వేశారు, ఫలానాది ఎందుకు వదిలేశారు అని ఒకరి మీద ఒకరు విరుచుకుపడుతున్నారు. వాటిల్లోకెల్లా పేరున్న అడవి పద్యం దగ్గరికి వచ్చేసరికి గొడవ ముదిరింది. చివర మూడు విరుపులు లేవు కాబట్టి ఇది అసలైన ప్లేటు కాదని ఒకాయన తేల్చేశాడు. ఇంత పొడుగు రాగం ఒక్క ఊపిరిలో మనిషన్నవాడు తీయలేడని, కంప్యూటరులో అతికించారని ఇంకొకాయన రాశాడు. ఈ రెండో ఆయన మాటకి బోలెడంత మంది బొటనవేళ్ళు ఎత్తారు.

నాకు ఒళ్ళు మండింది. ఫోనులో ఎవరితోనూ వాదించే అలవాటు నాకు లేదు. ఎదుటివాడి మొహం కనపడదు, మధ్యలో కాఫీ ఇచ్చేవాళ్ళు ఉండరు, అదేం వాదన? కాని ఈ పద్యం సంగతి కళ్ళారా చూసినవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. నేను చూశాను. ఆ రాగాన్ని ఎవరూ అతికించలేదు. అతుకులు వేసింది మేమే, తీసిందీ మేమే. ఆ కథంతా తెలిసిన మనిషిగా చెబుతున్నాను.

కొత్తపేటకి కాస్త ఇవతల మాకు కొబ్బరితోట, దాని మధ్య పెంకుటిల్లు ఉండేవి. వీధి గదిలో సగం కొబ్బరి కురిడీలు, సగం నాన్నగారి ప్లేట్లు. ఆ గది తలుపు తీస్తే ఎండుకొబ్బరి వాసన, దాని వెనకే మిషను నూనె వాసన, ఆ వెనక లక్క వాసన వచ్చేవి. లక్కతో చేసిన ఆ నల్ల ప్లేట్లు ఎండ తగిలితే వంగిపోతాయి, చేయి జారితే అప్పడంలా విరిగిపోతాయి. అందుకని పెద్ద భోషాణంలో, ప్లేటుకీ ప్లేటుకీ మధ్య గుడ్డ వేసి, నిలువుగా నిలబెట్టేవారు. నాన్నగారు వ్యవసాయం పనులు ఎంత హడావిడిగా చేసేవారో ప్లేటు తుడవడం అంత నింపాదిగా చేసేవారు. మధ్యాహ్నం భోజనం చేసి, ఓ కునుకు తీసి, మొహం కడుక్కుని, పాత పంచె ముక్కతో గుండ్రంగా తుడుస్తూ కూర్చునేవారు. ఆ సమయంలో పాలేరు వచ్చి కాలవకి గండి పడిందని చెప్పినా, ఈ ప్లేటు అవనియ్యి అనేవారు. అమ్మ మాత్రం, ఆ తుడిచే చేత్తో ఓసారి మీ కళ్ళజోడు తుడుచుకుంటే బాగుణ్ణు అనేది.

ప్లేట్లన్నిట్లోనూ నాన్నగారికి ప్రాణం ఆదినారాయణ గారి పద్యాలు. ఆయన రాజోలు వేపు మనిషి, రంగస్థలం మీద రాజు వేషాలు కట్టేవారు. మా చిన్నప్పటికే ఆయన పేరు చెబితే బళ్ళు కట్టుకుని వెళ్ళేవారు. పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అని అరవడం, నటుడు ఎంత దుఃఖంలో ఉన్నా, ఆఖరికి ప్రాణం పోయి పడి ఉన్నా, లేచి నిలబడి అదే పద్యం మళ్ళీ పాడటం మా వేపు మామూలే. ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఆదినారాయణ గారి అడవి పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడతాయో చెప్పలేక, ఆ సీను తర్వాత వేషగాళ్ళు తీరిగ్గా టీ తాగేవారట. రాజ్యం పోయిన రాజు అడవిలో ఒంటరిగా నిలబడి పాడే పద్యం అది. చివర సింధుభైరవిలో రాగం ఎత్తి, పైకి వెళ్ళి, అక్కడ ఓ విరుపు, మళ్ళీ అదే విరుపు, ఇంకోసారి అదే విరుపు, అప్పుడు కిందికి దిగడం. ఆ మూడు విరుపులూ రాని మగవాడు మా ఊళ్ళలో ఉండేవాడు కాదు. విరుపుకీ విరుపుకీ మధ్య తల ఒక్కసారి విదపాలి. విదపకపోతే పద్యం వచ్చినట్టు కాదు.

ఓ ఏడు మా వేపు పెద్ద తుఫాను వచ్చి వెళ్ళాక చాలా రోజులు మాకు కరెంటు లేదు. తోటలో సగం చెట్లు పడుకున్నాయి. రేడియోలు, టీవీలు మూగబోయాయి. మా ఇంట్లో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను మాత్రం బతికుంది. సాయంత్రం నాలుగింటికి నాన్నగారు దాన్ని అరుగు మీదికి తెప్పించేవారు. పడిపోయిన చెట్ల దుంగల మీదే జనం కూర్చునేవారు. చెట్టు పోయిందన్న బాధతో వచ్చినవాళ్ళు ఆ చెట్టు మీదే కూర్చుని పద్యం వినడం నేను చూశాను. కరెంటు వచ్చాక జనం తగ్గారు కాని, ముగ్గురు మాత్రం రావడం మానలేదు. నాన్నగారు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఒకరు. రెండో ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మూర్తి మాస్టారు. ప్లేటు మొదలయ్యే ముందు చిటికెడు నశ్యం పీల్చి, తుమ్ము వస్తే పద్యం అయ్యేదాకా బిగబట్టుకునేవారు. మూడో ఆయన మైకుసెట్టు సూర్రావు గారు. కొత్తపేట నుంచి రాజోలు దాకా ఏ పెళ్ళి జరిగినా ఆయన సెట్టే మోగేది. క్యాసెట్లు వచ్చాక తన ప్లేట్లన్నీ తెచ్చి నాన్నగారి భోషాణంలో దాచుకున్నారు. అప్పుడు నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. ముల్లు మార్చడం, కీ తిప్పడం, ప్లేటు వెయ్యడం నా పని. ఒక్క అడవి పద్యం మాత్రం సూర్రావు గారు నన్ను వెయ్యనిచ్చేవారు కాదు.

"ఆ ప్లేటు నాదండి అమ్మాయిగారూ. నా చేత్తోనే వెయ్యాలండి" అనేవారు. పద్యం ఆఖరికి వచ్చేసరికి అందరూ కళ్ళు మూసుకుని తలలు విదిపేవారు. ఆయన మాత్రం గ్రామఫోను మీదికి వంగి, బొటనవేలు దగ్గరగా పెట్టుకుని నిలబడేవారు. అది భక్తి అనుకున్నాం.

తుఫాను నీళ్ళకి కొన్ని ప్లేట్లు ఉబ్బి పాడయ్యాయి. ఉన్నవైనా దక్కించుకోవాలని, ఆదినారాయణ గారి పద్యాలన్నీ ఓ క్యాసెట్టుగా చేయించి అభిమానులకి పంచాలని నాన్నగారు తీర్మానించారు. అమలాపురంలో రికార్డింగు షాపాయన సరేనన్నాడు. చిక్కల్లా క్యాసెట్టుకి అరవై నిమిషాలే. పద్యాలు అంతకు మించి ఉన్నాయి. ఇక మొదలైంది. కోపంలో పాడిన పద్యాలు ముందు ఉండాలని మాస్టారు, దేవుడి పద్యంతో మొదలుపెట్టకపోతే సెట్టు కాలిపోతుందని సూర్రావు గారు, రెండో వేపు మొదట్లో నెమ్మది పద్యం ఉంటే జనం లేచి వెళ్ళిపోతారని నేను. మాస్టారికి ఓ వేట పద్యం మీద వల్లమాలిన ఇష్టం. అది మిగతావాళ్ళెవరికీ నచ్చదు. దాన్ని తీసేద్దామన్న రోజు ఆయన కాఫీ తాగకుండా లేచి వెళ్ళి, మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు. ఇప్పటి వాదనలకీ అప్పటి వాదనలకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నేనిదే చెబుతాను. అప్పుడు మనకి మాట నచ్చకపోతే లేవాలి, చెప్పులు వెతుక్కోవాలి, వేసుకుని నాలుగడుగులు నడవాలి. ఈలోగా సగం కోపం పోతుంది. ఎన్ని గొడవలు పడినా అడవి పద్యం విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట, అది మొదటి వేపు చిట్టచివర ఉండాలి.

అలాంటి పద్యానికి సూర్రావు గారి ప్లేటు బాగా అరిగిపోయిందని, ఇంకో ప్లేటు దొరుకుతుందేమోనని నాన్నగారు తెలిసినవాళ్ళందరికీ కబురు పెట్టారు. కాట్రేనికోన వేపు పడవలున్న ఓ కుటుంబం వాళ్ళింట్లో ఉందని తెలిసింది. గ్రామఫోను ఎప్పుడో పాడైపోతే అమ్మేశారట, ప్లేట్లు మాత్రం పెట్టెలో మిగిలిపోయాయి. వాళ్ళు ప్లేటుకి ఏమీ పుచ్చుకోలేదు, క్యాసెట్టు అయ్యాక ఒకటి ఇమ్మన్నారు. నాన్నగారు దాన్ని రెండు దిళ్ళ మధ్య పెట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చారు. గతుకు వచ్చినప్పుడల్లా ప్లేటుతో సహా లేచి నిలబడ్డారట. పక్కన కూర్చున్నావిడ పసిపిల్లాడనుకుని, బాబుకి ఒంట్లో బాగోలేదాండి అని అడిగిందట.

ఆ సాయంత్రం ప్లేటు నేనే వేశాను. పద్యం సాగింది. రాగం ఎత్తారు, పైకి వెళ్ళారు. అందరి తలలూ విదపడానికి సిద్ధంగా ఉన్నాయి. విరుపు రాలేదు. రాగం అలా పైనే నిలబడి, చెదరకుండా, ఎక్కడా ఊపిరి అందుకోకుండా సాగి సాగి, మెల్లగా దిగింది. ప్లేటు అయిపోయింది. ముగ్గురూ కళ్ళు తెరిచి నన్ను చూశారు, నేనేదో తప్పు చేసినట్టు.

"ఇది ఆయన కాదండి" అన్నారు మాస్టారు.

"గొంతు ఆయనదే కదండీ" అన్నారు నాన్నగారు.

"విరుపులేవండి మరి?"

మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. అప్పుడు పాత ప్లేటు తీసి, సూర్రావు గారు లేచేలోగా అది కూడా నేనే వేశాను. రాగం పైకి వెళ్ళింది. విరుపు, టక్. విరుపు, టక్. విరుపు, టక్. మూడుతో ఆగలేదు. అది అలా విరుస్తూనే ఉంది. వంటింట్లోంచి అమ్మ గరిట పట్టుకుని వచ్చి, ఏమైందర్రా దానికి అని అడిగింది. సూర్రావు గారు వచ్చి బొటనవేలితో ముల్లుని అలా తోశారు. రాగం కిందికి దిగింది.

ఆయనే చెప్పారు. "పలివెలలో ఓ పెళ్ళిలో అండి, కొబ్బరి మట్ట ఊడి సెట్టు మీద పడిందండి. ప్లేటు మీద గాటు పడిపోయింది. ముల్లు అక్కడక్కడే తిరుగుతోంటే పీటల మీద పెళ్ళికొడుకుతో సహా అందరూ నా వేపే చూసేరు. మూడోసారికి వేలెట్టి తోసేనండి. చప్పట్లు కొట్టేరు. ఎవరో వన్స్‌మోరన్నారు. ఇంకేం చెయ్యనండి? మళ్ళీ అలాగే వేసేను. అప్పట్నించీ అలాగే వేస్తన్నాను."

నేను పగలబడి నవ్వాను. నాన్నగారికి నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా తల విదిపింది ఆదినారాయణ గారి గమకానికి కాదు, మట్ట పడిన గాటుకి. మాస్టారు నశ్యం డబ్బీ మూత తీసి, పీల్చకుండానే మళ్ళీ పెట్టేశారు.

ఇక అసలు గొడవ మొదలైంది. క్యాసెట్టులో ఏది వెయ్యాలి? మాస్టారు తేరుకుని, జనం నోట్లో పడి ఊరూరా తిరిగిందే పద్యమని, గాటుదే వెయ్యాలని అన్నారు. సూర్రావు గారు, "అది లేకపోతే ఎవరూ వినరండి. మోసం చేసేరంటారు" అన్నారు. అమ్మ కూడా అటే. "మా పెళ్ళిలో మూడు విరుపులే వినపడ్డాయి. ఇప్పుడు కాదంటే ఎలా?" అంది. నేను నాన్నగారి పక్షం. పాడింది పాడినట్టు వెయ్యాలి, మిగతాదంతా మన సరదా అన్నాను. ఆ మాట అప్పుడు ఎంత గట్టిగా అన్నానో ఇప్పుడూ అంతే గట్టిగా అంటాను. రెండూ వేద్దామంటే ఇంకో పద్యం తియ్యాలి, తియ్యడానికి మాస్టారి వేట పద్యం తప్ప వేరేది లేదు. అందుకని ఆ మాట మాస్టారే సాగనివ్వలేదు. చివరికి నాన్నగారు, "పాడినాయన బతికే ఉన్నారు కదండీ. ఆయన్నే అడుగుదాం" అన్నారు.

ఆదినారాయణ గారు రాజోలు దగ్గర కూతురింట్లో ఉండేవారు. నలుగురం వెళ్ళాం. కిరీటం పెట్టుకున్న ఫొటోలే చూసిన నాకు, బనీను మీద కండువా వేసుకుని కూర్చున్న ఆ సన్నటి మనిషిని చూస్తే ఏదోలా అయింది. ఉబ్బసం. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునేవారు. నాన్నగారు గాటు సంగతి చెప్పి, గాటు లేని ప్లేటు దొరికిందని చెప్పారు. ఆయన కండువా సర్దుకుని నిటారుగా కూర్చున్నారు.

"ఆయ్. అది మద్రాసులో రికార్డు చేసేరండి" అన్నారు. "గదిలో ఎర్ర దీపం ఉండేది. అది వెలిగితే ప్లేటు అయిపోవస్తోందని. నేను పద్యం కాస్త నిదానించేను. రాగం ఎత్తేసరికి దీపం వెలిగింది. మధ్యలో ఊపిరి తీసుకుంటే చివర అందదండి. ఇక చూసుకోలేదు. ఒకటే ఊపిరి పట్టేను. నేను దిగడం, దీపం ఆరడం ఒక్కసారే అయ్యేయి. నా జన్మలో అలా ఎప్పుడూ పాడలేదండి."

"తర్వాత నాటకాల్లో?" అని అడిగాను.

"జనం పాడనివ్వలేదు తల్లీ. నేను పైకెళ్ళడం ఆలస్యం, వాళ్ళే విరిచేసేవోరు. ఇదేంటి, నేనెప్పుడు పాడేను ఇలాగ అనుకునేవాణ్ణి. ఓ పెళ్ళిలో విన్నాక తెలిసింది, అది గాటని. మరి జనానికి అదే కావాలి. నేనూ తల విదిపి విరిచేను, ఓపికున్నన్నాళ్ళూ." ఆగి ఊపిరి తీసుకున్నారు. "కంపెనీవోళ్ళు నాకో ప్లేటిచ్చేరు. విని ఇస్తానని ఎవరో పట్టికెళ్ళేరు. మరి రాలేదు. నేను పాడిందేదో నలుగురూ ఒక్కసారి వింటే చాలండి. అంతకంటే ఏం లేదు."

ఆ ప్లేటు తెచ్చి మీకు వినిపిస్తామని నాన్నగారు అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపారు. "నేనొక్కణ్ణీ వింటే ఏముందండి? జనంలో వెయ్యండి."

గాటు లేనిదే క్యాసెట్టులోకి వెళ్ళింది. సూర్రావు గారు మా ఇంటికి రావడం మానేశారు. అందుకు నేను ఆయన్ని తప్పు పట్టలేదు. ఇన్నేళ్ళూ ఊళ్ళన్నీ చప్పట్లు కొట్టింది సగం ఆయన వేలికే కదా. అయితే క్యాసెట్టు విడుదల మా తోటలో పెట్టుకున్నాం, సూర్రావు గారి సెట్టు లేకుండా మా వేపు పందిరే నిలబడదు. నాన్నగారు స్వయంగా వెళ్ళి పిలిచారు. వస్తానండి, పందిరి మీదున్న చెట్లకి మట్టలు కొట్టించండి ముందు అన్నారట.

మట్టలు కొట్టించాం. మధ్యాహ్నం ఎండ తగ్గాక జనం వచ్చారు. కాట్రేనికోన నుంచి ప్లేటు ఇచ్చినవాళ్ళు, రావులపాలెం నుంచి అరటి గెలలతో ఓ అభిమాని, పాత నాటకాల వాళ్ళు. ఆదినారాయణ గారిని కారులో తెచ్చి ముందు వరసలో చేతుల కుర్చీలో కూర్చోబెట్టాం. ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కున్నారు. నన్ను పక్కన నిలబడమన్నారు, మంచినీళ్ళకి. ఉపన్యాసాలు అయ్యాయి, క్యాసెట్టు పెట్టారు. దేవుడి పద్యం, కోపం పద్యాలు, మాస్టారి వేట పద్యం వరసగా వచ్చాయి. అడవి పద్యం మొదలవగానే ఈలలు వేశారు. రాగం పైకి లేచింది.

జనం పాడేశారు. పందిరంతా ఒక్క గొంతుతో విరుపు, తల విదుపు, విరుపు, తల విదుపు, విరుపు. తోట మారుమోగిపోయింది. ఆ హోరు కింద స్పీకరు పెట్టెలో గొంతు ఏం చేసిందో ఎవరికీ తెలియలేదు. విరుపులు లేవని కూడా ఒక్కరూ గమనించలేదు. చప్పట్లు కొడుతూ అందరూ ఆయన వేపు చూసి నవ్వుతున్నారు. ఆయనా నమస్కారం పెట్టారు, పాతికేళ్ళుగా పెడుతున్నట్టే. నాకు ఏడుపొచ్చింది. నాన్నగారు తల దించుకున్నారు.

ఆదినారాయణ గారు చెయ్యి ఎత్తారు. ఏదో అన్నారు, వినపడలేదు. సూర్రావు గారు పరుగున వచ్చి మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు.

"వన్స్‌మోర్ అండి" అన్నారు ఆయన.

జనం గొల్లున నవ్వారు. జన్మంతా వన్స్‌మోర్లు ఇచ్చిన మనిషి తన పద్యానికి తనే అడుగుతున్నారు. నవ్వు మెల్లగా తగ్గింది, ఆయన నవ్వడం లేదు కనక. సూర్రావు గారు మైకు తీసుకుని, "అయ్యా, ఈసారి ఎవరూ పాడకండి. ఆయన్ని పాడనివ్వండి" అన్నారు. క్యాసెట్టు వెనక్కి తిప్పి, సరిగ్గా పద్యం మొదట్లో ఆపి, మీట నొక్కి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని సెట్టుకి దూరంగా జరిగి నిలబడ్డారు.

పద్యం సాగింది. రాగం ఎత్తే ముందు ఆదినారాయణ గారు, తనే పాడబోతున్నట్టు, గుండె నిండా ఊపిరి తీసుకున్నారు. పెదవులు తెరిచి, చప్పుడు లేకుండా, పెట్టెలోంచి వచ్చే గొంతుతో పాటు తనూ బయల్దేరారు. కొంతదూరం వెళ్ళారు. ఊపిరి చాలలేదు. నోరు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ఆగిన చోట ఆ గొంతు ఆగలేదు. అతుకు లేదు, గాటు లేదు, విరుపు లేదు. అది అలా వెళుతూనే ఉంది. నేను కంగారుపడి మంచినీళ్ళ గ్లాసు అందించబోయాను. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టి, స్పీకరు వేపు చూపించి, నవ్వుతూ, "ఉండు తల్లీ. ఇంకా ఉంది" అన్నారు.